ఇక్కడ ఊపిరి

వయొలిన్ల రెండో వరసలో కుడి చివర నేను.
నా పక్క కుర్చీ ఖాజావలిది.
ఏదో పెళ్లివారు పెట్టిన జరీ కండువాలో చుట్టి
సత్తెనపల్లి నుంచి బస్సులో తెస్తాడు శాక్సఫోన్‌ని,
కిటికీ సీటు దానికిచ్చి.

సాల్మన్ మాస్టారు నలభై ఏళ్లు చర్చిలో క్వయరు నడిపిన మనిషి.
ఆయన పంచిన కాగితాల్లో
అయిదు గీతల మీద నల్లచీమలు.
ఖాజావలికి ఆ చీమల భాష రాదు.
మొదటి రిహార్సల్ రోజే వాటికింద
పెన్సిల్‌తో సరిగమలు రాసుకున్నాడు, గుండ్రటి తెలుగులో.
ఖాళీల్లో గుర్తులు:
"ఇక్కడ వయొలిన్లు."
"డ్రమ్ము పిల్లాడు తొందరపడతాడు. నువ్వు పడకు."
"ఇక్కడ ఊపిరి."
మూడో పేజీ అడుగున
అందరం ఆగాల్సిన నాలుగు లెక్కల చోట,
"ఇక్కడ నాన్న."

నేనడగలేదు.
పక్కవాళ్ల కాగితంలోకి తొంగిచూడటం
పరీక్ష హాల్లోనే కాదు, ఇక్కడా తప్పే.

గుంటూరు, ఏప్రిల్, బ్రాడీపేటలో హాలు.
కిటికీలు మూస్తే ఉక్క, తీస్తే మిర్చి ఘాటు.
తీశారు.
ముందు వరస పెద్దాయన తుమ్మాడు,
సరిగ్గా సమం మీద.
మృదంగం భాస్కరశర్మ గారు తలూపారు, శభాష్ అన్నట్టు.

ఇంజనీరింగ్ కుర్రాళ్లు కట్టిన కొత్త ట్యూనుతో మొదలు.
గిటారు, కీబోర్డు, పునాది లేని మేడలా పైపైకి.
జనం ఆహ్వానపత్రికలతో విసురుకున్నారు.
తర్వాత పాత సినిమా పాట.
విసరడం ఆగింది.
వెనకెక్కడో ఒకావిడ
మాకంటే అరక్షణం ముందే చరణం అందుకుంది,
ఆ పాట తన పెట్టెలోంచి మేం అరువు తెచ్చుకున్నట్టు.

ఆ చరణం చివర
ఖాజావలి పాటని మెల్లగా పక్కకి తీసుకెళ్లాడు.
ఇత్తడి గొంతులో కల్యాణి.
ప్రతిమధ్యమం దగ్గర అలా జారి నిలబడ్డం
శాక్సఫోన్‌కి ఎవరు నేర్పారో!
అది దేశం కాని దేశంలో పుట్టి
పల్నాటి యాసలో మాట్లాడుతోంది.

మూడో పేజీ. అడుగు.
మాస్టారి కర్ర లేచింది.
కమానులన్నీ గాల్లో.

ఖాజావలి ఊదలేదు.
పెదాలు తీసేశాడు.
వేళ్లు మాత్రం ఆగలేదు.
టప్. టపటప్. టప్.
మీటల కింద తోలు బిళ్లల చప్పుడు,
మైకు పట్టుకుంది దాన్ని,
విస్తరాకు మీద తొలి చినుకులు పడుతున్నట్టు.
రాగం లేదు, గాలి లేదు,
రాగం నడిచే దారి మాత్రం వినిపిస్తోంది.

ఒకటి, రెండు, మూడు, నాలుగు.
కర్ర దిగలేదు.
అయిదు, ఆరు.
ఎవరూ తుమ్మలేదు.
ఎనిమిదికి దిగింది.
మేం చిందరవందరగా లోపలికొచ్చాం,
డ్రమ్ము పిల్లాడు మొట్టమొదటిసారి ఆలస్యంగా.

ఆ రాత్రి శంకర్ విలాస్ సెంటర్లో, మూత వేయబోతున్న టీ బండి దగ్గర
అడక్కుండానే చెప్పాడు.
"మా నాయన నాదస్వరం అండి.
మూఢాల్లో పెళ్లిళ్లుండవు గదా, యార్డులో మిరపటిక్కీలు మోసేవాడు.
ఆ దుమ్ము ఊపిరి తినేసింది.
ఆఖరి రెండేళ్లు ఊదలేదు.
మంచంలో పడుకుని నాదస్వరం గుండెల మీద పెట్టుకుని
ఉత్తినే వేళ్లాడించేవాడు.
ఏం రాగమో నేను చూసి చెప్పాలి.
తప్పు చెబితే కళ్లు మూసుకునేవాడు.
కల్యాణి అట్టా వచ్చిందండి నాకు, చెవితో కాదు."

పొద్దున్నే పిడుగురాళ్లలో పెళ్లి ఉందట,
ఆఖరి బస్సు కోసం అటే చూస్తున్నాడు.
కాగితాల మీద గ్లాసు పెట్టాడు, మూడో పేజీ తడిసింది.
నేను తీయబోతే తనే తీసి
చొక్కాకి తుడిచి, మడిచాడు.

"ఒకటి చెప్పనా చూడామణి గారూ,
అక్కడ నాలుగు లెక్కలేగా?
ఎనిమిదయ్యాయి.
పెద్దాయన, అలిసిపోయుంటాడు పాపం,
మాస్టారితో అనకండి."